పరీక్ష గదిలో ఆ అదనపు గంట ఎవరికి, ఎందుకు?

పదో తరగతి లెక్కల్లో వర్గ సమీకరణం సాధించే సూత్రం ఒకటుంది. కాగితం ముట్టకుండా, దాన్ని నోటితో చెప్పి పక్కనున్న వాళ్ల చేత రాయించి చూడండి. "మైనస్ బీ, ప్లస్ ఆర్ మైనస్, రూట్ బీ స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీ, బై టూ ఏ" అంటారు మీరు. ఒకరు రూట్ గుర్తును బీ స్క్వేర్ దాకా గీసి ఆపేస్తారు, ఫోర్ ఏసీ బయట పడుతుంది. ఇంకొకరు టూ ఏ ని రూట్ కింద మాత్రమే వేస్తారు, ముందున్న మైనస్ బీ కి హారం లేకుండా పోతుంది. రెండూ తప్పులే. చెప్పినవారికి సూత్రం వచ్చు, రాసినవారు విన్నదే రాశారు. మార్కులు మాత్రం చెప్పినవారికే పోతాయి.

తప్పు పడకుండా ఉండాలంటే ఇంకోలా చెప్పాలి. "ముందు పొడుగ్గా అడ్డగీత గీయి. గీత పైన మైనస్ బీ, ప్లస్ ఆర్ మైనస్ రాయి. ఆ తర్వాత రూట్ గుర్తు పెట్టి, దాని కప్పు గీత చివరిదాకా లాగు. లోపల బీ స్క్వేర్, మైనస్, ఫోర్ ఏసీ. ఇప్పుడు అడ్డగీత కింద, మధ్యలో, టూ ఏ. ఇక రాసింది నాకు చదివి వినిపించు." చూపున్న పిల్లవాడు పది సెకన్లలో రాసే పంక్తికి ఇంత మాట ఖర్చవుతుంది. ఇది సూత్రం ఒక్కటే. ఇందులో విలువలు వేసి, సూక్ష్మీకరించి, రెండు మూలాలు తెచ్చేదాకా ప్రతి మెట్టూ ఇలాగే చెప్పించాలి. చెప్పేది చూపు లేని పిల్లవాడైతే, ముందు మెట్టులో ఏం రాయించాడో కళ్లతో చూసుకునే వీలు లేదు కాబట్టి అంతా తలలోనే పెట్టుకోవాలి.

చూపు లేని విద్యార్థికి మూడు గంటల పేపరులో ఇచ్చే అదనపు గంట ఇదిగో, ఇక్కడ ఖర్చవుతుంది. ఆలోచించడానికి దొరికే తీరిక కాదది. మిగతా పిల్లలకు అవసరమే లేని ఒక పనికి పట్టే సమయం.

ఏటా మార్చి దగ్గర పడుతుంటే పాలకుర్తి లాంటి మండల కేంద్రాల్లో ఈ విషయం మీద రకరకాల మాటలు వినిపిస్తాయి. "వాళ్లకు వేరేవాళ్లు రాసిపెడతారట", "గంట ఎక్కువిస్తారట", "పాస్ మార్కులు కూడా తక్కువేనట". మాటల్లో సగం నిజం, సగం అపోహ. అసలు హక్కున్న పిల్లల ఇళ్లకు మాత్రం ఆ నిజం సగం కూడా చేరదు. బమ్మెర నుంచో వల్మిడి నుంచో పాలకుర్తి బడికి వచ్చే పిల్లవాడి తండ్రికి, తన కొడుక్కి రాసేందుకు ఒక మనిషిని అడగొచ్చని హాల్ టికెట్ చేతికొచ్చాక తెలిస్తే ఏం లాభం? అప్పటికి చేయాల్సిన పనులకు గడువులు దాటిపోయి ఉంటాయి. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ తండ్రి కోసం, ఆ పిల్లవాడికి పాఠం చెప్పే టీచరు కోసం.

ముందు చట్టం సంగతి. 1995లో వచ్చిన వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది. చూపు లేని, చూపు మందగించిన విద్యార్థులకు రాసిపెట్టే మనిషిని విద్యాసంస్థలే సమకూర్చాలని అందులోనే ఉంది. 2006 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందాన్ని ఆమోదించింది, 2007 అక్టోబరులో మన దేశం దానికి కట్టుబడింది. దానికి తగ్గట్టు 2016లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న ఈ వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది. చూపు, వినికిడి, కాళ్లూ చేతులతో పాటు సెరిబ్రల్ పాల్సీ, కండరాల క్షీణత, ఆటిజం, మేధో వైకల్యం, చదవడం రాయడంలో వచ్చే అభ్యసన వైకల్యం, తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వంటి రక్త జబ్బులు కూడా ఈ జాబితాలో ఉన్నాయి.

ఈ చట్టంలోని 17వ సెక్షన్‌ను ప్రతి ప్రధానోపాధ్యాయుడూ ఒకసారి చదివి తీరాలి. పాఠ్యప్రణాళికలో, పరీక్షా విధానంలో తగిన మార్పులు చేయాలని అది ప్రభుత్వానికీ స్థానిక సంస్థలకూ చెబుతుంది. ఆ మార్పులేమిటో ఉదాహరణలతో సహా చెప్పింది: పేపరు పూర్తి చేయడానికి అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో భాష, మూడో భాషల నుంచి మినహాయింపు. చట్టం పేరు పెట్టి చెప్పిన విషయాన్ని ఎవరి దయాదాక్షిణ్యాల మీదో వదిలేయడం కుదరదు. విస్నూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి, కౌలు భూమి తనదని, పండించిన పంట తనదని చాకలి ఐలమ్మ గట్టిగా చెప్పిన ఊరు ఈ పాలకుర్తి. ఇక్కడి తల్లిదండ్రులు హెచ్‌ఎం గదిలోకి చేతులు కట్టుకుని వెళ్లి, "సార్, ఏదైనా దయ చూపండి" అని అడగాల్సిన అవసరం లేదు. చట్టం ప్రకారం మా పిల్లకు రావాల్సింది ఇదీ అని కాగితం మీద రాసిస్తే చాలు.

ఎంత సమయం అన్నదానికి లెక్క ఉంది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ 2018 ఆగస్టులో రాత పరీక్షల కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో, గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనంగా ఇవ్వాలని చెప్పింది. మూడు గంటల పేపరుకు గంట, రెండు గంటల పేపరుకు 40 నిమిషాలు. సివిల్స్ మొదలుకొని బ్యాంకు పరీక్షల దాకా ఉద్యోగ పరీక్షల్లో ఇదే లెక్క కనిపిస్తుంది. పదో తరగతికి, ఇంటర్మీడియెట్‌కు ఆయా బోర్డులు తమ ఉత్తర్వులు తాము ఇచ్చుకుంటాయి కాబట్టి, ఆ ఏడాది ఉత్తర్వులో ఏముందో బడిలో అడిగి చూసుకోవాలి. కేంద్ర మార్గదర్శకాలు కూడా అప్పుడప్పుడు మారుతుంటాయి. పాత కాగితం పట్టుకుని వెళ్లి వాదనకు దిగితే పని చెడుతుంది.

అందరికీ గంటే మందు అనుకోవడం ఇంకో పొరపాటు. ఏ పిల్లకు ఏం కావాలన్నది ఆ పిల్ల ఇబ్బందిని బట్టి ఉంటుంది.

చూపు బాగా తక్కువున్న పిల్ల సొంతంగా రాయగలదనుకోండి. ఆమెకు కావాల్సింది పెద్ద అక్షరాల ప్రశ్నపత్రం, కిటికీ పక్కన వెలుతురున్న బల్ల, వాడుకునే భూతద్దం లోపలికి తెచ్చుకోనివ్వడం. ఆమె దగ్గర రాసేవాళ్లను కూర్చోబెడితే సాయం కంటే అడ్డమే ఎక్కువ. కండరాల క్షీణత ఉన్న పిల్లవాడి చెయ్యి మొదటి అరగంట బాగానే సాగుతుంది, ఆ తర్వాత అలిసిపోతుంది. వాడికి మధ్యలో ఆగే వీలుండాలి. చక్రాల కుర్చీ పట్టే బల్ల, కింది అంతస్తులో గది, దగ్గర్లో మరుగుదొడ్డి కావాలి. నడవలేని పిల్లను పై అంతస్తు గదికి ఇద్దరు మోసుకెళ్లడం మన దగ్గర సాయంగా చెప్పుకుంటారు. ఆ పిల్లకు అది పరీక్షకు ముందే ఎదురయ్యే అవమానం. నంబర్లు వేసే రోజున గది మార్చి వేస్తే ఎవరూ ఎవరినీ మోయక్కర్లేదు.

పుట్టుకతో వినికిడి లేని పిల్లల సంగతి వేరు, దీన్ని చాలామంది సరిగా అర్థం చేసుకోరు. కళ్లు కనిపిస్తాయి, చేతులు రాస్తాయి, ఇక ఇబ్బందేముంది అంటారు. చెవితో ఎన్నడూ వినని భాషను పుస్తకంలోంచి నేర్చుకోవడమే ఇబ్బంది. 'రాజుకు ఇచ్చింది', 'రాజు ఇచ్చింది', 'రాజుతో ఇచ్చింది' అన్న మాటల మధ్య తేడా మనకు ఊపిరి తీసుకున్నంత సహజం, అమ్మ మాటల్లో వేలసార్లు విని ఉన్నాం. సైగలతో మాట్లాడుకుంటూ పెరిగిన పిల్లకు ఆ 'కు', 'తో' ఒక్కొక్కటీ విడిగా బట్టీ పట్టాల్సిన సంగతి. అలాంటి పిల్ల మీద తెలుగు, హిందీ, ఇంగ్లిషు మూడూ మోపడం న్యాయం కాదు. భాషా మినహాయింపు పుట్టింది ఇందుకే. సామాన్యశాస్త్రం పేపరులో కూడా ప్రశ్న చిన్న వాక్యాల్లో, తేలిక మాటల్లో ఉంటే ఆమెకు తెలిసిన జవాబు బయటికొస్తుంది. ఇన్విజిలేటర్ నోటితో చెప్పే సూచనలన్నీ బోర్డు మీద రాస్తే చాలు. చెవి మిషన్‌ను ఎలక్ట్రానిక్ పరికరమని చెప్పి గేటు దగ్గర తీయించే పని మాత్రం ఏ కేంద్రంలోనూ జరగకూడదు.

అభ్యసన వైకల్యం అన్నిటికంటే కంటికి కనిపించనిది. నోటితో అడిగితే పాఠమంతా చెప్పే పిల్లవాడు కాగితం మీద పెట్టేసరికి ఒత్తులు మింగేస్తాడు, దీర్ఘాలు వదిలేస్తాడు, ఒక పంక్తి చదివి తర్వాతి పంక్తి దాటేస్తాడు. మన లిపిలో అక్షరం ఎడమ నుంచి కుడికి ఒక్క వరుసలో సాగదు. తల మీద గుడి, కింద ఒత్తు, పక్కన కొమ్ము, అన్నీ ఒకేసారి పట్టుకోవాలి. పట్టుకోలేని పిల్లవాడికి మన బళ్లలో పడే పేరు 'మొద్దు' లేదా 'బద్ధకస్తుడు'. 2016 చట్టం ఈ ఇబ్బందిని వైకల్యంగా గుర్తించింది. దీనికి పరీక్షలు చేసి ధ్రువీకరించే సైకాలజిస్టులు హైదరాబాదులో దొరికినంత తేలిగ్గా ఊళ్లకు దొరకరు. నగరంలో, సీబీఎస్‌ఈ బళ్లలో చదివే పిల్లలు అదనపు సమయం వంటి సదుపాయాలు వాడుకుంటుంటే, అదే ఇబ్బందితో జెడ్పీ హైస్కూల్లో చదివే పిల్లవాడు ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో బడి మానేసి పనిలోకి పోవడం నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే విషయం. ఇద్దరికీ ఉన్న చట్టం ఒక్కటే.

ఇక స్క్రైబ్, అంటే రాసిపెట్టే మనిషి. మన పరీక్షల వ్యవహారంలో అందరి నోళ్లలో నానే మాట ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. పదో తరగతి విద్యార్థికి తొమ్మిదో తరగతి విద్యార్థిని స్క్రైబ్‌గా పెట్టడం ఆనవాయితీ. రాసేవాడికి పాఠం వస్తే, చెప్పినదానికి బదులు తనకు తెలిసింది రాసేస్తాడన్న అనుమానం ఈ నియమానికి మూలం. అనుమానంలో న్యాయం లేకపోలేదు. అయితే దీనికి మూల్యం చెల్లించేది పరీక్ష రాసే పిల్ల. పదో తరగతి లెక్కల గుర్తులు, రసాయన సమీకరణాలు తొమ్మిది చదివే పిల్లకు కొత్త. చెప్పినది విన్నా ఎలా రాయాలో తెలియదు. జీవశాస్త్రంలో బొమ్మలు గీయమంటే ఇంకా కష్టం. చూపులేని పిల్ల మాటలతో చెప్పి గుండె బొమ్మ గీయించడం అయ్యే పని కాదు. అలాంటి ప్రశ్నకు బదులు వివరణ రాసే ప్రశ్న ఇవ్వడం ఒక్కటే న్యాయమైన దారి.

దీనికి మందు సాధన. స్క్రైబ్‌ను పరీక్ష రోజు పొద్దున పరిచయం చేస్తే ఇద్దరూ మునుగుతారు. అభ్యర్థి తన స్క్రైబ్‌ను రెండు రోజుల ముందే కలిసి చూసుకునే వీలుండాలని 2018 కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. నన్నడిగితే రెండు రోజులు చాలవు. ఎఫ్‌ఏ, ఎస్‌ఏ పరీక్షల నుంచే అదే స్క్రైబ్‌తో రాయించాలి, ప్రీ ఫైనల్ నాటికి ఇద్దరి మధ్య ఒక వరస కుదరాలి. అడ్డగీత అంటే ఏది, కొత్త పేరా ఎప్పుడు, కింద గీత ఎక్కడ, రాసింది ఎప్పుడు తిరిగి చదివి వినిపించాలి అన్నవన్నీ ముందే మాట్లాడుకుని ఉండాలి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల మాట కొత్తవాళ్లకు అర్థం కాదు, ఇంట్లో వాళ్లకు మాత్రమే అర్థమవుతుంది. అలాంటి పిల్లకు ముక్కూ మొహం తెలియని స్క్రైబ్‌ను ఇవ్వడమంటే స్క్రైబ్‌ను ఇవ్వనట్టే.

ఏడాది పొడవునా బళ్లో మామూలుగా రాయించి, మార్చిలో ఒక్కసారిగా సదుపాయం ఇవ్వడం మన దగ్గర మామూలైపోయింది. బ్రెయిలీలో చదవని పిల్లకు పరీక్ష నాడు బ్రెయిలీ పేపరిస్తే అక్కరకు రాదు. పరీక్షలో ఏ సదుపాయం ఇస్తారో అది ఏడాదంతా తరగతిలో వాడుకలో ఉండాలి.

సర్టిఫికెట్ దగ్గరికొద్దాం. తెలుగు రాష్ట్రాల్లో వైకల్య ధ్రువీకరణ అనగానే సదరం శిబిరం గుర్తొస్తుంది. మీసేవలో స్లాట్ బుక్ చేసుకుని జిల్లా ఆసుపత్రికి వెళ్లడం, డాక్టర్లు చూసి శాతం వేయడం, ఇదంతా పింఛను కోసం తిరిగిన ప్రతి ఇంటికీ తెలుసు. 2016లో జిల్లాలు మారాక పాలకుర్తి వరంగల్ నుంచి జనగామ జిల్లాలోకి వచ్చింది, ఇప్పుడు ఈ పనులకు జనగామ వెళ్లాలి. దేశమంతటా చెల్లే యూడీఐడీ కార్డు కూడా వచ్చింది. 40 శాతం, ఆ పైన ఉంటే పింఛన్లకు, రిజర్వేషన్లకు అర్హత. పరీక్షల్లోనూ ఈ 40 శాతమే గీత అనుకోవడం చాలాకాలం నడిచింది.

ఆ గీతను సుప్రీంకోర్టు చెరిపింది. వికాస్ కుమార్ అనే ఎంబీబీఎస్ పట్టభద్రుడు సివిల్స్ రాయబోయారు. ఆయనకు రైటర్స్ క్రాంప్, పెన్ను పట్టగానే చేతి కండరాలు బిగుసుకుపోతాయి. స్క్రైబ్ కావాలంటే యూపీఎస్‌సీ ఒప్పుకోలేదు. 2021 ఫిబ్రవరి 11న జస్టిస్ డి.వై. చంద్రచూడ్ రాసిన తీర్పు ఆయన పక్షాన వచ్చింది. 40 శాతం అన్నది రిజర్వేషన్ల లాంటి కొన్ని ప్రత్యేక హక్కుల కోసం చట్టం పెట్టిన కొలత, స్క్రైబ్ కావాలంటే ఆ శాతం ఉండి తీరాలనడానికి వీల్లేదని కోర్టు చెప్పింది. మనిషి రాయలేకపోతున్నాడా లేదా అన్నదే ప్రశ్న. ఆ తీర్పు తర్వాత 2022 ఆగస్టు 10న, 40 శాతం కంటే తక్కువ ఉండి రాయడంలో ఇబ్బంది పడేవారి కోసం కేంద్రం వేరే మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 ఫిబ్రవరి 3న గుల్షన్ కుమార్ కేసులో కోర్టు ఇదే మాటను మళ్లీ గట్టిగా చెప్పి, అదనపు సమయం, స్క్రైబ్ వంటివి శాతంతో పని లేకుండా వికలాంగ అభ్యర్థులందరికీ వర్తించాలంది.

2021లోనే వచ్చిన ఇంకో తీర్పు మన ఇన్విజిలేటర్లందరూ తెలుసుకోవాల్సింది. అవనీ ప్రకాశ్ అనే విద్యార్థిని నీట్ రాసింది. ఆమెకు డిస్‌గ్రాఫియా, అంటే రాతకు సంబంధించిన అభ్యసన వైకల్యం. చట్టప్రకారం గంట అదనంగా రావాలి. కేంద్రంలో ఉన్నవారికి ఆ నియమం తెలియదు. మూడు గంటలు కాగానే జవాబు పత్రం తీసేసుకున్నారు. నవంబరు 23న సుప్రీంకోర్టు, ఆమెకు మళ్లీ పరీక్ష పెట్టమనలేదు గానీ, జరిగిన అన్యాయాన్ని ఎలా సరిదిద్దుతారో తేల్చాలని పరీక్ష నిర్వహించిన సంస్థను ఆదేశించింది. నియమం పుస్తకంలో ఉంటే సరిపోదు, గదిలో నిలబడ్డ మనిషికి తెలియాలి. మార్చిలో చీఫ్ సూపరింటెండెంట్లకు పెట్టే సమావేశంలో ఐదు నిమిషాలు దీనికి కేటాయిస్తే ఇలాంటివి చాలావరకు ఆగుతాయి.

ఇప్పుడు అందరి మనసులో ఉన్న ప్రశ్న. మా పిల్లకు మూడు గంటలే, ఆ పిల్లకు నాలుగు, ఇది అన్యాయం కాదా? అడగదగిన ప్రశ్నే, దానికి సూటిగా జవాబు చెప్పాలి. సాంఘికశాస్త్రం పేపరు దేన్ని కొలవడానికి పెట్టారు? నిజాం పాలన గురించి, నదుల గురించి, రాజ్యాంగం గురించి పిల్లకు ఎంత తెలుసో కొలవడానికి. చెయ్యి ఎంత వేగంగా కదులుతుందో కొలవడానికి కాదు. చెయ్యి కదలని కారణంగా మార్కులు పోతే ఆ మార్కుల పట్టీ అబద్ధం చెబుతున్నట్టే. తెలియనివాడికి నాలుగు గంటలిచ్చినా, పది గంటలిచ్చినా జవాబు రాదు. వేగాన్నే కొలిచే పరీక్షలుంటాయి, టైపింగ్ పరీక్ష లాంటివి. అక్కడ వాదన వేరు, సదుపాయమూ వేరుగా ఆలోచించాలి. మన పదో తరగతి పేపర్లు ఆ కోవలోవి కావు.

దొంగ సర్టిఫికెట్ల మాట కూడా వస్తుంది. మోసం చేసేవాళ్లు లేరని అనను. మోసంతో ప్రయోజనం పొందితే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా అని అదే 2016 చట్టం 91వ సెక్షన్‌లో ఉంది. దొంగను పట్టుకునే పని అధికారులది. ఒక దొంగ కోసం పది మంది నిజమైన పిల్లలను గేటు దగ్గర నిలబెట్టి అనుమానించడం ఒప్పుకోదగింది కాదు.

ఈ అనుమానం మనకే పరిమితం కాదు. అమెరికాలో అదనపు సమయం తీసుకుని ప్రవేశ పరీక్షలు రాసినవారి స్కోరు పక్కన ఒక గుర్తు వేసి కాలేజీలకు పంపేవారు. ఈ స్కోరు మామూలు పరిస్థితుల్లో వచ్చింది కాదు అని దాని అర్థం. రెండు చేతులూ లేని మార్క్ బ్రైమ్‌హోర్స్ట్ అనే అభ్యర్థి జీమ్యాట్ రాస్తే ఆయన స్కోరుకూ ఆ గుర్తు పడింది. ఆయన కోర్టుకెళ్లారు. పరీక్ష నిర్వహించే సంస్థ 2001లో రాజీకి వచ్చి తన పరీక్షల్లో ఆ పద్ధతి మానుకుంది. మన వాళ్ల పిల్లలు కూడా వేలల్లో రాసే శాట్ పరీక్షకు 2003లో ఆ గుర్తు తీసేశారు. సదుపాయం ఇస్తూనే దాని పక్కన మచ్చ పెడితే, ఇచ్చిన చేత్తోనే వెనక్కి లాక్కున్నట్టు.

పాస్ మార్కుల సంగతి వేరుగా చెప్పుకోవాలి, ఎందుకంటే నా అభిప్రాయం కొంతమందికి నచ్చకపోవచ్చు. మన రాష్ట్ర పరీక్షల్లో కొన్ని రకాల వైకల్యాలున్న విద్యార్థులకు ఉత్తీర్ణత మార్కులు తగ్గించే నిబంధనలున్నాయి. మేధో వైకల్యమున్న పిల్లలకు అది అవసరమే కావచ్చు. కానీ చూపు లేని, చేతులు పనిచేయని పిల్లల విషయంలో దాన్ని ఘనమైన సాయంగా చెప్పుకోవడం నాకు నచ్చదు. అదనపు సమయం, స్క్రైబ్, పెద్ద అక్షరాలు, ఇవి పిల్లకు తెలిసినదాన్ని బయటికి తెస్తాయి. మార్కులు తగ్గించడం, నీకు ఇంతకంటే రాదులే అని ముందే చెప్పడం. బ్రెయిలీ పుస్తకం, ఆడియో పాఠం ఏడాది మొదట్లో చేతికివ్వడం ప్రభుత్వానికి ఖర్చుతో, శ్రమతో కూడిన పని. ఉత్తీర్ణత మార్కులు తగ్గించడానికి ఒక జీవో చాలు. తేలికైన పని చేసి కష్టమైన పనిని వదిలేయడం జరుగుతోంది.

శ్రీకాంత్ బొల్లా కథ ఇందుకు గట్టి సాక్ష్యం. మచిలీపట్నం దగ్గరి పల్లెలో రైతు కుటుంబంలో చూపు లేకుండా పుట్టిన ఆయన, హైదరాబాదులోని దేవనార్ అంధుల పాఠశాలలో చదివారు. పదో తరగతి అయ్యాక ఇంటర్‌లో సైన్సు, లెక్కలు తీసుకుంటానంటే నిబంధనలు ఒప్పుకోవన్నారు. చూపులేనివారు ఆర్ట్స్ తీసుకోవాలన్నది అప్పటి పద్ధతి. కోర్టుకెళ్లి నెలల తరబడి పోరాడి అనుమతి తెచ్చుకున్నారు. పాఠాలన్నీ ఆడియోలో విని చదివి ఇంటర్‌లో 98 శాతం తెచ్చుకున్నారు. ఐఐటీ కోచింగ్ సంస్థలు చేర్చుకోలేదు, ఆయన అమెరికాలోని ఎంఐటీలో సీటు సంపాదించారు. తిరిగొచ్చి బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టారు. ఆయన జీవితం మీద 2024లో హిందీలో సినిమా కూడా వచ్చింది. ఆయన మార్కులు తగ్గించమని అడగలేదు. చదువుకోనివ్వండి, చదవగలిగే రూపంలో పుస్తకం ఇవ్వండి అని అడిగారు. అంతటి తెలివైన కుర్రాడికి కోర్టు మెట్లెక్కితే గానీ దొరకనిది, మామూలు తెలివితేటలున్న పల్లెటూరి పిల్లకు అడగకుండానే దొరకాలి.

ఇక పని ఎలా మొదలుపెట్టాలో చెబుతాను.

పిల్ల తొమ్మిదిలో ఉండగానే సర్టిఫికెట్ చేతిలో ఉండేలా చూసుకోవాలి. పదిలోకి వచ్చాక స్లాటు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే కాలం చాలదు. పది మొదలయ్యే జూన్‌లోనే హెచ్‌ఎంకు రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి. అందులో 'వికలాంగుల సౌకర్యాలు ఇవ్వగలరు' అని ఒక్క ముక్కలో వదిలేయకండి. పిల్లకు ఇబ్బంది ఏమిటి, ఏం కావాలి అన్నది విడివిడిగా రాయండి: గంటకు 20 నిమిషాల అదనపు సమయం, స్క్రైబ్, కింది అంతస్తులో గది, పెద్ద అక్షరాల పేపరు, బొమ్మల ప్రశ్నకు బదులు వేరే ప్రశ్న, ఏది అవసరమైతే అది. ఒక నకలు మీద బడి ముద్ర, తేదీ వేయించుకుని దాచుకోండి. ఆ నకలే తర్వాత మీ బలం.

ఆపైన కీలకమైన ఘట్టం పరీక్ష ఫీజు కట్టి నామినల్ రోల్స్, అంటే అభ్యర్థుల జాబితా, పంపే సమయం. పిల్ల వైకల్యం వివరం అక్కడ నమోదు కాకపోతే బోర్డు దృష్టిలో ఆ పిల్ల మామూలు అభ్యర్థే. రోల్స్ పంపే ముందు తల్లో తండ్రో బడికెళ్లి ఆ గడి నింపారో లేదో కళ్లారా చూసుకోవాలి. ప్రైవేటు బడి అయినా, గురుకులమైనా, కేజీబీవీ అయినా ఇదే వరస.

మండలాల్లో సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాలున్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం శిక్షణ పొందిన రిసోర్స్ పర్సన్లు వాటిలో పనిచేస్తారు. బడికీ, ఎంఈఓ ఆఫీసుకీ, ఆసుపత్రికీ మధ్య ఏ కాగితం ఎటు పోవాలో వారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. వారిని కలవండి. టీచర్లకు నా మనవి ఒకటి: చదువులో వెనకబడిన ప్రతి పిల్లనూ బద్ధకస్తురాలు అనుకునే ముందు ఒక్కసారి నోటితో ప్రశ్నలడిగి చూడండి. నోటికీ రాతకూ పొంతన లేకపోతే ఆ పిల్లను భవితకు పంపండి.

బడి స్పందించకపోతే ఎంఈఓ, ఆయనా పట్టించుకోకపోతే డీఈఓ. అప్పటికీ కాకపోతే చట్టప్రకారం రాష్ట్రంలో వికలాంగుల కమిషనర్ ఉంటారు, నేరుగా ఫిర్యాదు చేయొచ్చు, వకీలు అక్కర్లేదు. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి పదివేల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 వేల నుంచి ఐదు లక్షల దాకా జరిమానా ఉందన్న సంగతి కూడా తెలిసి ఉండటం మంచిది.

మీ వాడకట్టులో ఇలాంటి పిల్ల ఒకరుంటే, ఆ ఇంటివాళ్లకు ఈ విషయం తెలుసో లేదో అడగండి. తెలియకపోతే దరఖాస్తు మీరు రాసిపెట్టండి, జూన్ దాటకముందే బడిలో ఇప్పించండి.